పసుపు పూసిన రాయి

కదిరి,
సెప్టెంబరు 9.

ఫోటో పోటీ నిర్వాహకులు ప్రసూన గారికి నమస్కారం.

‘రాతి తీరంలో సూర్యోదయం’ పోటీలో నా ఫోటోకు మొదటి బహుమతి వచ్చిందన్న మీ ఉత్తరం అందింది. ఆ సముద్రతీరం ఎక్కడుందో, నీళ్ళ నడుమ రాయి మీద పసుపు మచ్చ ఏమిటో రాయమన్నారు. రాస్తాను. చదివాక బహుమతి రద్దు చేయండి.

అది సముద్రం కాదండీ. మా ఊరి పక్కన పరిచిన సోలార్ పలకలు. పొద్దు పొడిచేటప్పుడు కొండెక్కి చూస్తే రాళ్ళ మధ్య నీళ్ళు నిలిచినట్టే మెరుస్తాయి. చూడగానే పట్టేస్తారులే అనుకుని పంపాను. మీరు నమ్మారు.

ఆ పలకల కింద మా చేను ఉంది. వరుసగా నాలుగేళ్ళు వేరుశనగ ఎండిపోయాక సోలార్ కంపెనీకి ఇచ్చేశాం. విత్తే ముందు చేలోని ఆ రాయికి పసుపు పూసి మొక్కడం మా ఇంటి ఆచారం. ఇప్పుడు విత్తడానికి ఏమీ లేదు. అయినా జూన్‌లో తొలి వాన పడగానే మా నాయన కంచె కింద దూరి వెళ్ళి పూసి వచ్చాడు. వీపంతా గీరుకుపోయింది.

"యాల పోయినావు నాయనా?" అని అరిచాను.

"అదును కదరా. ఊరికే ఎట్ల కూర్చుండేది?" అన్నాడు.

ఆ పసుపు కనబడుతుందేమోనని మరునాడు కెమెరాతో కొండెక్కాను. అప్పుడు తీసిందే ఈ ఫోటో.

నిన్న ఆయనకు చూపించాను. రాయిని గుర్తుపట్టి చాలాసేపు చేత్తో తడిమాడు.

"ఇన్ని నీళ్ళు మనకుండింటే చేను యాల ఇచ్చింటామురా?" అన్నాడు.

ఇట్లు,
సముద్రం ఇంకా చూడని ఫోటోగ్రాఫర్.