కవరు లేని వాల్ట్జ్, నాన్న నడిమి భాగం

ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర కాపురముంటున్న కొల్లి ఎవాంజలిన్ అనే నేను, రైల్వే గార్డు కీర్తిశేషులు జ్ఞానరత్నం గారి పెద్ద కుమార్తెను, స్కూల్లో సంగీతం టీచరుగా చేసి రిటైరైనదానిని, నా డెబ్బై నాలుగో ఏట రాయిస్తున్న వీలునామా ఇది. చూపు మందగించింది గాని బుద్ధి నిలకడగానే ఉందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. ఎవరి ఒత్తిడీ లేదు. నన్ను ఒత్తిడి చేసి ఎవరూ ఇంతవరకు గెలవలేదు.

1. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఏకైక కుమారుడు టోనిది.

2. నా స్వార్జితమైన ఇల్లు, స్థలంతో సహా, టోనికి సర్వహక్కులతో చెందాలి. వంటింటి కిటికీ మూసేసి గోడ కట్టాలని అతనికి చాలాకాలంగా ఉంది. నా తదనంతరం కట్టుకోవచ్చు.

3. నా పియానో మా సంఘపు పాటల బృందానికి. దాని మీద పూలకుండీ పెట్టకూడదు. వెనకటి పియానో ఎలా పాడైందో సంఘ పెద్దలకు తెలుసు.

4. నా జబ్బులో వండిపెట్టిన పొరుగింటి సరోజమ్మకు నా ఊలు శాలువా, ఆమె ఎప్పుడూ మెచ్చుకునే ప్రెషర్ కుక్కరు.

5. ఇక ఆ పాత అచ్చు సంగీతం కాగితాల సంగతి. ఎందుకు ఇలా ఇస్తున్నానో నా వాళ్లకు తెలియాలి, కనుక వివరంగా రాయిస్తున్నాను.

మా నాన్న డ్యూటీ లేనప్పుడు పెళ్లిళ్లలో వయొలిన్ వాయించేవారు. ఒక వాల్ట్జ్, అంటే దొరల జంట నాట్యపు బాణీ, తానే కట్టానని చెప్పేవారు. నా చెల్లెలు ఆలిస్ పెళ్లికూతురుగా చర్చిలో అడుగుపెట్టింది ఆ వాల్ట్జ్ మీదే. ఆయన పోయిన తరవాత, ఊరు వదిలి వెళ్తున్న ఒక కుటుంబం దగ్గర నేను ఈ పియానో కొన్నాను. దాని స్టూలు మూత తీస్తే లోపల పై అట్ట కవరు చిరిగి ఊడిపోయిన అచ్చు కాగితాలు కనిపించాయి. వాయించి చూస్తే అది నాన్న వాల్ట్జ్.

సంతోషంగా ఆలిస్ దగ్గరికి తీసుకెళ్లాను. “అయితే నాన్న దొంగ అంటావేటి అప్పా?” అంది. అక్కను మేం అప్పా అనే పిలుస్తాం. నేను అలా అనలేదు. అయినా ఆ రోజు నుంచి మా ఇంటి గడప తొక్కలేదు.

కవరు లేదు గనక పేరు లేదు, కట్టినవాడు తెలియదు, సంవత్సరం లేదు. అచ్చు నాన్న తరవాతిదైతే ఎవరో ఆయన దగ్గర విని వేసుకున్నట్టు. ముందుదైతే ఆయన దాన్నే నేర్చుకున్నట్టు. ప్రతి పేజీ అడుగున అరిగిపోయిన అంకెలున్నాయి. ప్రేమ్ బజార్ జిరాక్స్ షాపులో వాటిని పెద్దవి చేయించి, కలకత్తాలో ఒక పాత గ్రంథాలయానికి పట్టుకెళ్లాను. అక్కడి మౌసుమి దీదీ చూడగానే, “ఎటా తో ప్లేట్ నంబర్, మాషీమా” అంది, ఇది రేకు నంబరే కదా పిన్నీ అని. ఆ రోజుల్లో సంగీతాన్ని లోహపు రేకుల మీద చెక్కి అచ్చు వేసేవారట. ఏ రేకులు ఏ రచనవో తెలియడానికి కంపెనీ వాళ్లు వరసగా నంబరు వేసేవారట. అదే కంపెనీ అచ్చులు ఇంకో రెండు, గ్రంథాలయానికి వచ్చిన తేదీ ముద్రలతో, అక్కడ దొరికాయి. మన నంబరు ఆ రెంటికీ మధ్యలో పడింది. రెండూ నాన్న పుట్టకముందువే.

ఆ సాయంత్రం రైల్లో ఏడ్చాను. ఆలిస్‌కి చెప్పలేదు.

అయినా నాకు ఒకటి అంతుపట్టలేదు. నాన్న మధ్యలో నెమ్మదిగా వాయించే భాగం మన కాగితాల్లో లేదు. ఒక పేజీ పోయిందేమోనని మౌసుమి దీదీ చేత వెతికించాను. చాలాకాలానికి కవరుతో సహా పూర్తి ప్రతి దొరికింది. కట్టినవాడు ఎవరో పటాలం బ్యాండు మాస్టరు. అందులోనూ ఆ భాగం లేదు. దాన్ని నాన్నే కట్టారని నేను రుజువు చెయ్యలేను. కాని మరెక్కడా నాకు కనబడలేదు.

ఈ కాగితాలు ఆలిస్‌కి చెందాలని మొదట రాయించి, ఆ చిత్తు టోని చేత పంపాను. మర్నాడే ఆలిస్ వచ్చింది. వాయించమంది. అచ్చులో ఉన్నది వాయించాను. తరవాత నడిమి భాగం, గుర్తున్నంత. “అక్కడ కాదప్పా, నాన్న ఇంకాసేపు ఆగేవోడు” అని తాను పాడి చూపించింది. తాను పాడుతుంటే నేను స్వరాలు రాసుకున్నాను. పైన నాన్న పేరు పెట్టాం.

కనుక అచ్చు కాగితాలూ, మేం రాసిన ఆ పేజీ కలిపి కలకత్తా గ్రంథాలయానికి ఇవ్వాలి. రెంటినీ విడదీయకూడదు.

6. ఆలిస్ తానే సాక్షిగా ఉంటానంది. వీలునామాకు సాక్షిగా ఉన్నవారికి దాని కింద ఏదీ దక్కదని వకీలుగారు ఆలిస్‌కి వివరించారు. “కాయితాలు నాకొద్దు బాబూ. ఇది నిజమని నాను సంతకం పెట్టాల” అంది. అందుచేత నాన్న వయొలిన్‌ను ఇందులో చేర్చలేదు. దాన్ని ఈ ఉదయం నా చేతులతోనే ఆమెకు ఇచ్చేశాను.

పైవన్నీ చదివించుకుని, విని, సరేననుకుని సంతకం చేశాను.

ఖరగ్‌పూర్, 2024 నవంబరు 9

(సం.) కొల్లి ఎవాంజలిన్

మా ఎదుట ఆమె, ఆమె ఎదుట మేము సంతకాలు చేశాము:

సాక్షి: గెడ్డం నూకరాజు, రిటైర్డు ఫిట్టరు, నిమ్‌పురా

సాక్షి: ఆలిస్, జ్ఞానరత్నం గారి చిన్న కుమార్తె