నాగమ్మవ్వ ఆకు

1986 ఆగస్టు, బుధవారం, అనంతపురం

బెంగుళూరు కంప్యూటరు నుంచి కాగితాలొచ్చినాయి. మలేరియాకు ఏవి పనికొస్తాయో క్వినైనుతో పోల్చి చూడమని మేము పంపిన ముప్పై మొక్కల రసాయనాల్లో, నాగమ్మవ్వ చూపించిన ఆకుదే ఆఖరి స్థానం. "దాన్ని వదిలెయ్యమ్మా" అన్నారు నా పరిశోధన చూసే ప్రొఫెసరు. విడపనకల్లులో నలభై ఏండ్లుగా ఆమె చలిజ్వరానికి ఇస్తాండేది ఆ ఆకు కషాయమే.

నేనే చెప్పాలనిపించి మధ్యాహ్నం బస్సుకు పోయినాను. అవ్వ రెండు దుప్పట్లు కప్పుకొని వణుకుతాండాది. పక్కన కషాయం గిన్నె, సర్కారు నర్సు ఇచ్చిపోయిన మలేరియా మాత్రలు ఉండాయి.

"ఏమనిందమ్మా నీ మిషను?" అని అడిగింది.

ఆ మొహం చూసి అబద్ధం చెప్పినాను. "మంచి ఆకే అనిందవ్వా."

ఆమె నవ్వి, మాత్రల పొట్లం నా చేతిలో పెట్టింది. "అట్లయితే ఇవి నాకెందుకు? ఎవురికన్నా ఇయ్యి."

పొట్లం సంచిలో వేసుకొని ఆఖరి బస్సుకు వచ్చేసినాను.

తెల్లారంగానే పోయి నిజం చెప్పాల. ఈ రాత్రికి మాత్రం ఆమె ఆ కషాయమే తాగి పడుకొని ఉంటాది. ఈ కంప్యూటరు లెక్కల మీద నేను చేసిన రెండేండ్ల పని తప్పని తేలినా సరే, కంప్యూటరు చెప్పింది అబద్ధం కావాలని కోరుకుంటాండాను.