రిలీజ్ అంటే ఏమిటని అడిగావు

మొయినాబాద్,
2006 జూలై 12.

పద్మక్కకు,

నీ చెల్లెలు వనిత దండాలతో రాస్తున్నది. ఇక్కడ అవ్వ, ఎల్లేశన్న, వదిన, నేను అందరం తిండీ నిద్రా ఉన్నవాళ్లమే. అక్కడ షోలాపూర్‌లో బావకు కండ్ల మంట తగ్గిందని, సన్నీ ఏడవకుండా బడికి పోతున్నాడని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం అందింది. కానీ కవరు అంటించిన చోట జిగురు తడి ఇంకా ఆరలేదు. రెండు రోజులు ప్రయాణం చేసిన కవరుకు తడి ఎలా ఉంటుంది? వదిన నా చేతికి ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు. అందుకే ఇకమీదట ఇంటికి రాయకు. నాతోపాటు మెహదీపట్నం ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చే పూజిత అడ్రసు కవరు వెనక రాశాను. దానికి రాయి. ఈ ఉత్తరం కూడా ఆ పిల్లే డబ్బాలో వేస్తుంది.

అవ్వ మోకాళ్ల సంగతి అడిగావు. మెట్లు ఎక్కితే నొప్పి, కూర్చుంటే లేదు. వాన అడిగావు. రెండుసార్లు పడి పోయింది. పొలం ఈసారి దున్నలేదు. "దున్ని ఏం చేస్తం, ఎట్లాగూ కంపెనీకి పోయేదే గద," అన్నాడు అన్న. రోడ్డు పక్క భూములన్నీ ఫామ్‌హౌస్‌ల కంపెనీలు చూసి పోతున్నాయి. బాపు పోయి ఏడాది నిండకుండానే మన పొలం చుట్టూ తెల్ల రాళ్లు పాతారు. ఎవరు పాతారంటే అన్న నవ్వి మాట మార్చాడు.

ఇక అసలు ప్రశ్న. అన్న నీకు పంపిన ఇంగ్లీషు కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉన్న రిలీజ్ అనే మాటకు అర్థమేమిటని అడిగావు. సినిమా రిలీజ్ మనందరికీ తెలుసు. భూమికి రిలీజ్ ఏమిటని నీకు వచ్చిన అనుమానమే నాకూ వచ్చింది.

ఇన్‌స్టిట్యూట్‌లో సంజన మేడమ్ కాల్ సెంటర్ ట్రైనింగ్ కోసం రోజుకో ఇంగ్లీషు మాట బోర్డు మీద రాసి, అదే అర్థం వచ్చే మాటలు ఐదు చెప్పిస్తుంది. సోమవారం నేనే లేచి రిలీజ్ అని అడిగాను. ఫ్రీ, డిశ్చార్జ్, లెట్ గో, గివప్, సరెండర్ అని వరసగా రాసింది.

"ఇన్నిట్ల ఏది కరెక్ట్ మేడమ్?"

"అన్నీ కరెక్టే. పక్కన ఏ మాట ఉందో చూడాలె. జైలు ఉంటే విడిపించుడు, దవాఖాన ఉంటే ఇంటికి పంపుడు, హక్కు ఉంటే వదులుకునుడు."

అన్న మాత్రం మనిషికో అర్థం చెప్పాడు. అవ్వతో, బాపు బ్యాంకులో పెట్టిన భూమిని విడిపించే కాగితం అన్నాడు. నాతో, కంపెనీవాళ్లు అందరినీ అడిగే మామూలు కాగితం అన్నాడు. పక్కింటి అంజిలయ్యతో అన్నది నేను గోడ ఇవతల నుంచి విన్నాను. "చెల్లెండ్లిద్దరు ఇష్టంగనే ఇడిచిపెడుతున్నరు." మనం ఏం విడిచిపెడుతున్నామో మనకే తెలియదు.

మంగళవారం క్లాసు ఎగ్గొట్టి, అన్న నాకూ ఇచ్చిన అదే కాగితానికి జిరాక్స్ తీయించుకుని చేవెళ్ల పోయాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసే బుచ్చయ్య అనే పెద్దాయన ఉన్నాడు. వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు.

"ఎవలు రాయించిండ్రు బిడ్డ?"

"మా అన్న."

"బ్యాంకు ముచ్చట ఇందుల ఎక్కడ లేదు. మీ బాపు భూమిల మీ అక్క వాటా, నీ వాటా, మీ అవ్వ వాటా మొత్తం మీ అన్నకు ఇడిచిపెడుతున్నమని ఉన్నది. మల్ల మాకు ఏ హక్కు లేదు, మా పిల్లలకు గూడ లేదు అని ఉన్నది. ఆఫీసుల సంతకం పెట్టినంక అయిపాయె."

రిలీజ్ పక్కనే రెలింక్విష్ అని ఇంకో మాట ఉంది, దానర్థమూ వదులుకోవడమేనట. రెండూ ఒకటే అయితే రెండుసార్లు ఎందుకని అడిగాను.

"ఒక మాటల నుంచి జారిపోతే రెండోది పట్టుకుంటది," అన్నాడు.

అక్కా, ఇప్పుడు రాసేది చదివి నా మీద ఉమ్మేసినా నేనేమీ అనుకోను. నీకు వచ్చిన ఇంగ్లీషు కాగితానికి పిన్ను గుచ్చిన తెలుగు చీటీ ఒకటి ఉంది కదా. 'బ్యాంకు నుంచి భూమి విడుదల కాగితం' అని. అన్న ఎవరితోనో రాయించాడని నువ్వు రాశావు. ఆ ఎవరో నేనే. అక్షరాలు పక్కకు వంచి, నువ్వు గుర్తుపట్టకుండా రాశాను.

అప్పటికి తెలియదని చెబితే అబద్ధమవుతుంది. నా పదో తరగతిలో బాపు కొనిచ్చిన డిక్షనరీ తీసి చూశాను. మొదటి అర్థం విడుదల. నాలుగో అర్థం హక్కు వదులుకొనుట. నాలుగోది చూసి కూడా మొదటిది రాశాను. ఆ రోజే అన్న, "మాదాపూర్ నౌకరికి పంపిస్త, పెండ్లి ముచ్చట రెండేండ్లు ఎత్తను," అన్నాడు. ఆ మాటకు నేను అమ్ముడుపోయాను. ఏసీ బస్సులో, మెడలో కార్డుతో పోతున్నట్టే కలలు కన్నాను. నువ్వు పదేళ్లుగా బీడీలు చుట్టే చేతులతో ఆ చీటీ పట్టుకుని చూస్తావని అనుకోలేదు.

ఈ రోజు పొద్దున అన్నతో నేను సంతకానికి చేవెళ్ల రానని చెప్పాను. అతను అరవలేదు. గూట్లో ఉన్న నా బస్సు పాసు తీసి జేబులో పెట్టుకున్నాడు. "పెద్దది సంతకం పెట్టనీ. అప్పుడు నువ్వే పెడ్తవు," అని బండి ఎక్కి పోయాడు. అంటే నీ మీదే ఆశ పెట్టుకున్నాడు.

వదిన బయటికి పోయినప్పుడు అవ్వకు అంతా చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"నన్ను గూడ మా అన్న గిట్లనే తోలుకపోయిండు. ఏలుముద్ర ఏసినంక చీర పెట్టిండు. మీ బాపు ఆ చీర కట్టనియ్యలే," అన్నది.

చేట పక్కన పెట్టి, "పద్మకు రాయి, పెట్టొద్దని," అన్నది. మళ్లీ తనే, "నేను గూడ ఎల్లేశు ఎంబడి షోలాపూర్ వస్త. వాని ముంగట మాత్రం పెట్టు బిడ్డ అనే అంట. నేను వాని ఇంట్లనే ఉండాలె గద. నా మాట ఇనొద్దని గూడ రాయి."

అన్న, అవ్వ వచ్చే బుధవారం వికారాబాద్‌లో రైలు ఎక్కుతారు. నిన్ను వెంటబెట్టుకుని నేరుగా చేవెళ్ల రావాలని అన్న ఆలోచన. బావకు ముందే అంతా చెప్పి పెట్టుకో. ఒంట్లో బాగాలేదని సాకు చెప్పకు, అన్న తగ్గేదాకా అక్కడే కూర్చుంటాడు. రానని చెప్పు.

అవ్వ నీ ముందు ఏడుస్తుంది. దొంగ ఏడుపు ఆమెకు చేతకాదు, నిజంగానే ఏడుస్తుంది. ఆమెకు అన్నం పెట్టు, మోకాళ్లకు నూనె రాయి, పక్కన పడుకోబెట్టుకో. సంతకం మాత్రం పెట్టకు.

ఇట్లు,
నీకు తప్పు చేసిన చెల్లె,
వనిత