వారసత్వంగా దిగిన మోతాదు

అక్కా,

ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ సగం వినకుండానే నువ్వు బావని కేకేసి స్పీకర్లో పెడతావు. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

కట్టుకున్నవాడే అయినా నీ మరిది పక్కన కూర్చుని భోంచేయలేకపోతున్నానే. ఆయన నమిలే చప్పుడు వినపడితే కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోతున్నాను.

మా ఆఫీసులో ఆస్పత్రుల కోసం ప్రోగ్రాం రాస్తున్నామని, దానికి ఆయనే పెద్ద అని, నేను ఆయన కింద పనిచేస్తానని నీకు తెలుసు. రోగి బరువూ వయసూ కొడితే ఎంత మందు ఎక్కించాలో అది చెబుతుంది. దాన్ని ఎలా రాయాలన్న దగ్గరే మాకు మొదట్నుంచీ పడేది కాదు. ఆయనది ఆబ్జెక్టుల పద్ధతి. ‘రోగి’ అని ఒక మూస కడతారు, ‘పసిబిడ్డ’ దానికి పిల్ల మూస. తల్లి మూసలో ఏముంటే అది మళ్లీ రాయనక్కర్లేకుండానే పిల్లలోకి దిగిపోతుంది. లోపల ఏం జరుగుతోందో వాడేవాళ్లకి కనపడదు. నేనేమో ఒక్కో లెక్కకి ఒక్కో ముక్కగా, చిన్న చిన్న ఫంక్షన్లుగా రాద్దామన్నాను. బరువు ఇచ్చావా, మోతాదు వచ్చిందా, అంతే. పైనుంచి ఏదీ దిగదు. మీటింగులో అందరి ముందూ నవ్వారు. "మా ఆవిడ ఇంట్లో గిన్నెలు కూడా ఇలాగే విడివిడిగా పెడుతుంది" అన్నారు. నేనూ నవ్వాను, ఏం చేయను.

పోయిన నెల ఒక ఆస్పత్రివాళ్లు పెద్దవాళ్ల మోతాదులు పూర్తి అంకెల్లో చూపించమన్నారు. ఆయన తల్లి మూసలో ఒక్క వరుస చేర్చారు. అరా పావూ ఉంటే పై అంకెకి పెంచి చూపించమని. పెద్దవాళ్లకి ఏడున్నర ఎనిమిదైతే కొంప మునగదు. కానీ ఆ వరుస పసిబిడ్డలోకీ దిగింది. అక్కా, అక్కడ ఒక నెలల బిడ్డకి మిల్లీలీటరులో మూడో వంతు మత్తుమందు ఇవ్వాలి. తెర మీద ఒకటి అని వచ్చింది. వార్డుకి అది కొత్త మందు, నర్సు తెరని నమ్మింది. బిడ్డ ఊపిరి మందగించింది. గొట్టాల మధ్య పడుండి ఎలాగో బతికింది.

ఆయన వెంటనే కనిపెట్టారు. గుట్టుచప్పుడు కాకుండా ఆ వరుస తీసేశారు. అడిగినవాళ్లకి మాత్రం "ప్రోగ్రాంలో తప్పు లేదు, నర్సే అంకె తప్పు కొట్టి ఉంటుంది" అని చెప్పారు. ఆస్పత్రివాళ్లు ఆమెని పనిలోంచి ఆపేశారు. నేను పాత కోడ్ తెరిచి చూసి నిలదీస్తే, సబ్బుతో చేతులు కడుక్కుంటూ, "బిడ్డ బతికిందిగా, ఇంకేంటి నీ బాధ?" అన్నారు. తర్వాత తువ్వాలు అడిగారు.

ఇచ్చాను. ఆ ఇచ్చిన చెయ్యి చూసుకున్నా రోతగా ఉంది. రేపు ఆస్పత్రిలో దీని మీద విచారణ ఉంది, అక్కడ చెప్పేస్తాను. ఆ తర్వాత ఈ ఇంట్లో ఉండగలనో లేదో తెలీదు.

నీ పిచ్చుక

*

అక్కా,

నీ ఉత్తరం అందింది. "భయపడి అబద్ధమాడి ఉంటాడే, ఒకసారి మాట్లాడి చూడు" అన్నావు. ముందు జరిగింది విను.

విచారణ గదిలో బల్లకి అవతల ఆస్పత్రి పెద్దలు ముగ్గురు. ఓ మూల కుర్చీలో ఆ నర్సు, ఒళ్లో చేతిసంచీ గట్టిగా పట్టుకుని. నేను పాత ప్రోగ్రాం తెరిచి, "ఆ రోజు ఎలా కొట్టారో అలాగే కొట్టండి" అన్నాను. సంచీ కింద పెట్టి వచ్చి కొట్టింది. తెర మీద ఒకటి వచ్చింది. నీ మరిది గొంతు సవరించుకుని, "మా ఆవిడకి ఆబ్జెక్టుల పద్ధతంటే ముందునుంచీ గిట్టదండీ. ఇదంతా ఆ గొడవే" అన్నాడు.

ఒక మనిషి బతుకుతెరువు పోయి ఎదురుగా కూర్చుంటే, అతనికది ప్రోగ్రాం ఎలా రాయాలనే వాదన.

ముగ్గురిలో పెద్దావిడ నన్నడిగింది, "మీ పద్ధతిలో రాసుంటే ఇలా జరిగేది కాదా?"

కాదని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. "నా పద్ధతిలోనూ ఆ వరుస తప్పుచోట పెట్టొచ్చు మేడం. కాకపోతే వెతికితే తొందరగా దొరికేది. ఇక్కడ దొరక్క కాదు, దొరికాక దాచారు" అన్నాను.

నర్సుని మళ్లీ తీసుకున్నారు. మా ఆఫీసువాళ్లు అతన్ని ఆ పనినుంచి తప్పించి, ప్రోగ్రాం సరిచేయమని నాకిచ్చారు. నేను మా ఆఫీసులో టెస్టింగ్ చేసే అమ్మాయి గదిలో ఉంటున్నాను. మొత్తం కూల్చేసి నా పద్ధతిలో కట్టాలని కసిగా మొదలుపెట్టాను. చదివేకొద్దీ చేతులు ఆగాయి. వార్డులకీ మంచాలకీ యంత్రాలకీ అతను కట్టిన మూసలు శుభ్రంగా ఉన్నాయే. వాటి జోలికి వెళ్లలేదు. మోతాదు లెక్క ఒక్కటే బయటికి తీసి విడి ఫంక్షన్లుగా రాశాను, పసిబిడ్డకి పెద్దవాళ్లతో ఆ చుట్టరికం తెంచేశాను. ఇంత పద్ధతిగా ఆలోచించే మనిషి అంత నీచుడై ఉంటాడా అనిపించింది. నీ మాటా గుర్తొచ్చింది. ఇంటికి వెళ్దామని బట్టలు సర్దుకున్నాను.

నిన్న సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. బిడ్డ ఎలా ఉందంటాడేమో, ఆ నర్సు సంగతి అడుగుతాడేమో, కనీసం తిన్నావా అంటాడేమో అనుకున్నాను.

"నా డిజైనంతా పీకేశావా?" అన్నాడు.

"లేదు, చాలావరకు ఉంచాను. బాగుంది."

నవ్వాడు, హాయిగా, మనసారా. "చూశావా, నేను చెప్పలేదూ" అన్నాడు.

ఫోన్ పెట్టేసి, సర్దిన బట్టలన్నీ తీసి ఈ గది అలమరలోనే పెట్టుకున్నాను.

నీ పిచ్చుక