బడి ముందరి కొలతరాయి

నవంబరు 14, శనివారం

చిరంజీవి మేనల్లుడికి,

ఆయురారోగ్యాలు కలగాలని మనసారా దీవిస్తూ నీ మేనమామ రాస్తున్న ఉత్తరం. ఎనిమిది నెలలుగా మన మధ్య మాటలు లేవు. పెద్దవాణ్ణి గనుక ముందు నేనే నోరు విప్పడం ధర్మం. ఇంత ఆలస్యంగా విప్పడం అధర్మం. రెండూ నావే.

మీ అమ్మ క్షేమమనే రాయాలి, మనిషి నిలబడి ఉంది గనుక. ఇల్లు నిలబడలేదు. వంటగది గోడ నిలువునా విచ్చింది. వీధికాలువలో నీరు వెనక్కి నడుస్తోంది. షట్టరు మూతపడక తంటాలు పడుతున్న దర్జీ నిన్న నన్ను ఆపి, "సర్వేయరుగారూ, మీ లెక్క ప్రకారం ఇది మూసుకోవాలి. కాస్త మీరే చెప్పండి దానికి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవడానికి వయసు అడ్డొచ్చింది.

నీ అంచనా అక్షరాలా నిజమవుతోంది. గనిలో లాంగ్‌వాల్ యంత్రం బొగ్గుగోడను కోసుకుంటూ ముందుకు పోతే, వెనుక ఆధారం లేని కప్పు కూలుతుందనీ, ఆ కూలడం పొర తరువాత పొరగా పైకి పాకి మీ వీధిని ఐదడుగులు దించుతుందనీ గని నివేదికలో నువ్వు రాశావు. వీధి కింది బొగ్గును ముట్టుకోవద్దన్నావు. దాన్ని పరీక్షించమని మేనేజరు, రిటైరైన నన్ను పిలిపించాడు. పక్క భాగంలో బొగ్గు తీస్తున్న ఆరు నెలలూ వీధిలో కొయ్యమేకులు పాతి మట్టాలు చూశాను. అప్పటికి అడుగు దిగాలని నువ్వన్నచోట నాలుగంగుళాలే కనిపించాయి. అంచనా అతి అని రాసి సంతకం చేశాను. నిన్ను దూరపు గనికి బదిలీ చేశారు. వీధి కింది బొగ్గు తీసేశారు.

తప్పెక్కడో చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట బడి ముందు నేనే పాతిన కొలతరాయి నుంచి ప్రతి మట్టాన్నీ లెక్కించాను. మునిగే పడవలో కూర్చున్నవాడికి ఎదుటివాడు మునుగుతున్నట్టు ఎలా తెలుస్తుంది? రాయీ వీధీ కలిసే దిగాయి. వాటి మధ్య తేడానే నేను సత్యమనుకున్నాను. కిందటి నెల వాగు అవతల, గని చేరని బండ నుంచి చూస్తే గాని ఈ సంగతి బయటపడలేదు. వృద్ధుని దృష్టిమాంద్యమనుకో, బుద్ధిమాంద్యమనుకో.

నిన్న మీ అమ్మ, "ఒరే తమ్ముడూ, ఇంకెంత దిగుతుంది? నాకు నిజం చెప్పు" అంది. ఇంకా మూడడుగులన్నాను. "ఆపే దారే లేదా?" అంది. తీసిన బొగ్గును తిరిగి పెట్టలేం, కూలిన కప్పును ఎత్తలేం. పెద్దలు భూమికి క్షమ అని పేరు పెట్టారు. ఆ ఓర్పుకూ ఒక హద్దు ఉంటుందని వాళ్లు రాయలేదు. ప్రాయశ్చిత్తాలు చెప్పిన గ్రంథాలన్నీ తిరగేశాను. నేల విషయంలో అన్నీ మౌనమే. ఇరవై ఏడు ఇళ్లవాళ్లు సామాను సర్దుకుంటున్నారు. ఎక్కడికో వాళ్లకే తెలియదు. దిగదని నేను రాశాక వాళ్లకు వేరే చోటెవరు వెతుకుతారు?

ఈ ఉత్తరం నీ పై అధికారులకు చూపించు. నీ పేరు మీది మచ్చైనా పోతుంది.

నీకు మట్టం చూడడం నేర్పిన
మామయ్య

తా.క. కిందటి నెల అన్నది అబద్ధం. మేనేజరు గదిలో అందరి ముందూ నువ్వు, "మామయ్యా, మీ రాయి కూడా దిగుతోందేమో, ఒక్కసారి అవతలి బండ నుంచి చూడండి" అన్నావు. నీది తప్పని నిరూపించడానికే మర్నాడు మట్టం చూసే యంత్రం మోసుకుని వాగు దాటాను. రాయి ఎనిమిది అంగుళాలు దిగి ఉంది. సంతకం ఆ తరువాత చేశాను. నా దగ్గర నేర్చుకున్నవాడి ముందు తల వంచలేకపోయాను. ఆనాటి అంకెల కాగితం, తేదీతో సహా, ఇందులో పెడుతున్నాను. పై ఉత్తరం చూపితే ముసలివాడని జాలిపడి నన్ను వదిలేస్తారు. ఇది చూపించు.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. ఈ సాయంత్రం తను నా ఇంటికే వస్తోంది, ఇక ఇక్కడే ఉండడానికి.