నూకాలు బదులిచ్చిన గొంతు

1979, ఆదివారం రాత్రి

పోయినవాళ్ల గొంతుతో నవ్వించవచ్చా? నాన్న పన్నెండో రోజున తమ్ముడు ఆయనలాగే దగ్గి చూపించినప్పటి నుంచీ ఇదే ప్రశ్న.

ఈ సాయంత్రం మల్కాపురంలో మిమిక్రీకి, మాకు చేపలు తెచ్చే నూకాలును తీసుకెళ్లాను. ఊరికి కొత్తయిన కళాకారుడు, తుఫానులో చిక్కిన జాలరిలా "ఒలే, ఒడ్డున దీపమెట్టవే!" అని వణుకుతూ అరిచాడు. ముందు వరసలు పగలబడి నవ్వాయి, నేనూ నవ్వాను. "సచ్చినోల్లతో ఆటలేటి? దిగరా!" అని, సముద్రంలో తమవాళ్లను పోగొట్టుకున్న వెనక వరసల జాలర్లు లేచారు.

నా పక్కన నూకాలు లేచి, "దీపమెట్టినాను మావా, వచ్చీ!" అంది. తిట్టినవాళ్లు కూడా నవ్వారు. నేను మాత్రం నవ్వు ఆపేశాను.

దాని మొగుడు సముద్రం మీద చేపల వేటకెళ్లి మూడేళ్లు. శవం దొరకలేదని అది ఇంకా గాజులు తీయలేదు.

"మా మావ గొంతు ఆడికెక్కడ దొరికిందమ్మగారూ? రేపు మల్లీ తీసుకెల్లండి" అంది దారిలో.

రేపూ ప్రదర్శన ఉంది. తీసుకెళ్లాలో వద్దో, నాకు తేలడం లేదు.