అరగ్లాసు కొబ్బరినీళ్లు

ఫిలోమినా,

చారు పొయ్యి మీదే ఉంది. ఏడుస్తూనైనా సరే, రెండు ముద్దలు తిను. నీ డ్యూటీ చీరకు గంజి పెట్టి దండెం మీద ఆరేశాను. రేపు కావాలి నీకు.

అత్తయ్య ఆపరేషను కుట్లు తెగడం నీ తప్పు కాదు. నిన్న మధ్యాహ్నం నువ్వు సూదులు మరగబెట్టడానికి వార్డులోంచి వెళ్లావు చూడు, అప్పుడు నేనే ఆవిడకు అరగ్లాసు కొబ్బరినీళ్లు పట్టాను. "డాక్టరు నీళ్లొద్దన్నాడు గానీ బొండం వద్దన్నాడేంటే?" అంది. కాలేజీ చదువు చదివినదాన్ని, జవాబు నాకు తెలుసు. కానీ వెంటనే "ఒక్క గుక్క పొయ్యి తల్లీ" అంది. పన్నెండేళ్లుగా "ఏమే" అనే తప్ప పిలవని మనిషి. కరిగిపోయాను.

సాయంత్రానికి వాంతులు, ఆ వాంతులకే కుట్లు తెగాయి. నీ అజాగ్రత్త వల్లేనని డాక్టరు అందరి ముందూ నిన్ను తిట్టి, ఉద్యోగం ఉండదని ఇంటికి పంపేస్తుంటే నేను గోడకానుకుని నిలబడ్డాను.

ఇవాళ మళ్లీ ఆపరేషను చేస్తారట. బతుకుతుందని డాక్టరు అనలేదు. నేనూ అడగలేదు. లోపలికి తీసుకెళ్లకముందే ఆయనకు నిజం చెప్పాలని ఆసుపత్రికి పరుగెడుతున్నాను. మీ అన్నయ్యకు నువ్వేం చెప్పకు, ఆ తిట్లు నావి.

మీ వదిన

ఇంకొకటి. "ఏమైనా తాగావా?" అని డాక్టరు అడిగితే, "ఎవరూ ఏమీ ఇవ్వలేదు బాబూ" అంది అత్తయ్య. కన్నకూతురివైన నిన్ను పక్కన పెట్టి నన్ను కాసింది. నా పక్షం వహించడానికి ఆవిడకు ఇన్నేళ్లలో మరో రోజే దొరకలేదు.